చుక్కలమ్మ మలుపు

ఓడరేవు నుంచి కొండెక్కి ఊళ్ళోకి దిగే వాలు రోడ్డులో మూడో మలుపును చుక్కలమ్మ మలుపు అంటారు. దూరం నుంచి వచ్చే భక్తులు బస్సు దిగగానే గాలిగోపురం కోసం తలెత్తి చూస్తారు. తల దించాలి నాయనా! ఇక్కడ గుడి లేదు, ప్రాకారం లేదు, హుండీ అసలే లేదు. నల్లటి తారు రోడ్డు నడిమధ్యన, చిన్న పందిరి వేసినంత మేర పరుచుకున్న తెల్లటి మెలికల ముగ్గే అమ్మవారు. ఈ నగరంలో బొమ్మలకు కొదవ లేదు. ఫ్లైఓవర్ స్తంభాల మీద తిమింగలాలున్నాయి, బడి గోడల మీద దేశనాయకులున్నారు, కరెంటు పెట్టెల మీద కూడా పువ్వులు పూయించారు. అన్నీ చూడచక్కనివే, కాదనం. కానీ నేల మీద పడుకుని, కొండ దిగే లారీకి పగ్గం వేసిన బొమ్మ మాత్రం ఇదొక్కటే.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే మరీ కృతయుగం కాదు లెండి, నలభై దాటినవారికి బాగా గుర్తున్న కాలంలోనే, పోలమ్మ అనే ఆమె రోడ్డు ఊడ్చేది. ఆమెకు జోడు దాలమ్మ. ఇద్దరూ తెల్లవారుజామున చెరో అంచు పట్టుకుని, ఒకరినొకరు వేళాకోళమాడుకుంటూ వాలు పొడవునా ఊడ్చుకు వచ్చేవారు. ఒక వేకువన బొగ్గు లారీ ఒకటి మలుపు దగ్గర అదుపు తప్పి దాలమ్మను బలి తీసుకుంది. చీపురు ఎక్కడో పడింది, చెత్త గంప రోడ్డు మధ్య బోర్లా పడింది. గంపను ఎత్తి తెచ్చింది పోలమ్మే. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు కొండ మీది ఇళ్ళకు కూడా వినిపించిందంటారు.

ఇక్కడే కథ మెలిక పడింది. దాలమ్మ ఖాళీలోకి ఎవరు వస్తారనే మాట వచ్చింది. పోలమ్మ కూతురు నూకరత్నం పెళ్ళయిన ఏడాదికే భర్తను పోగొట్టుకుని పుట్టింట ఉంది. ఆ పిల్లకు ఈ పని ఇప్పించమని పోలమ్మ దాలమ్మ పోకముందు నుంచే పారిశుధ్యం మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడుతోంది. మేస్త్రీ మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకుని తెచ్చి ఆ మలుపులోనే నిలబెట్టాడు! కావాలని అడిగిన నోటితో వద్దని ఎలా చెప్పడం? వేరే వీధి ఇవ్వమంటే ఖాళీ లేదన్నారు. స్పీడు బ్రేకరు వేయించమంటే పెద్ద రోడ్డు మీద వేయకూడదన్నారు. చేజేతులా కన్నకూతుర్ని లారీల కింద పెట్టానని ఆ తల్లికి అన్నం సహించలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, పని ముగించుకుని వచ్చి, చాప మీద నడుం వాల్చిన పోలమ్మకు కల వచ్చింది. పసుపు పూసుకున్న ఆడమనిషి ఒకతె నడుం మీద చెయ్యేసుకుని నిలబడి కసిరింది.

“ఏమే పోలమ్మా! ఊరంతా ఊడుస్తావు, నా వాకిట్లో ముగ్గెయ్యకుండా పోతావేం? ముగ్గు లేని వాకిలిని ఎవడైనా తొక్కుకుంటూ పోతాడు.”

“నీ వాకిలెక్కడ తల్లీ?”

“దాలమ్మ గంప పడిన చోటే.”

మర్నాడు పోలమ్మ కొంగున ముగ్గుపిండి కట్టుకుని వెళ్ళింది. కూతురు ఎర్రగుడ్డ పట్టుకుని పైన కాపలా నిలబడగా, పదిహేను చుక్కల నుంచి ఎనిమిది దాకా సందుచుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసింది. మొదట దిగిన లారీ డ్రైవరు కీచుమని బ్రేకు వేశాడు. తిడతాడనుకున్నారు. అతను కిటికీలోంచి తొంగి చూసి, చేతివేళ్ళు కళ్ళకద్దుకుని, చక్రం ముగ్గుకు తగలకుండా నెమ్మదిగా పక్కనుంచి పోనిచ్చాడు. వెనకవాడూ అంతే. ఎంత తొందరలో ఉన్నా తెలిసి తెలిసి ముగ్గు తొక్కడానికి ఎవరికి కాలాడుతుంది చెప్పండి?

అయితే పిండిముగ్గు ఎంతసేపు నిలుస్తుంది? పొద్దెక్కేసరికి సముద్రపు గాలి సగం ఎత్తుకుపోయేది. ఊడ్చేదానివి ఊడవక రోడ్డంతా పిండి చేస్తున్నావని మేస్త్రీ చీవాట్లు పెట్టేవాడు. పోలమ్మ చీవాట్లు తింటూనే రోజూ వేసింది.

ఒక ఆదివారం ఉదయం తాతబ్బాయి అనే పనివాడు తన మనుషులతో వచ్చి, తెల్లరంగు కాచి, రోడ్డుకు నడిమి గీత వేస్తున్నాడు. గీతల బండి వాలంతా దిగి వచ్చి ముగ్గు ముందు ఆగిపోయింది. తోసేవాడు తోయనన్నాడు. “ముగ్గు మీంచి బండెలా తోసీమంతావు గురూ?” అన్నాడు. గీత ఆపితే పై అధికారులు ఊరుకోరు, సాగిస్తే అమ్మవారు ఊరుకోదు. తాతబ్బాయి బుర్ర గోక్కున్నాడు.

“అప్పా, మరి నన్నేటి సెయ్యమంతావు?” అని పోలమ్మనే అడిగాడు.

“నీ రంగుతో నా ముగ్గు ఎయ్యి తమ్ముడా. నీది గాలికెగిరిపోదు కదా!”

అదీ మహత్తంటే! పోలమ్మ సుద్దతో మళ్ళీ చుక్కలు పెట్టింది. ఆమె వేలు ఎటు చూపితే అటు తాతబ్బాయి పొగలు కక్కే రంగు పోశాడు. గీత తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది. అప్పుడు చూసుకుంటే ఒక చుక్క బయట ఉండిపోయింది. వాకిట్లో ముగ్గు వేసే పదేళ్ళ పిల్ల కూడా చుక్క వదలదు, నలభై ఏళ్ళ చెయ్యి వదిలేసింది. చెరుపుదామంటే రంగు అప్పటికే రాయి అయిపోయింది. పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అది దాలమ్మది. ఉండనియ్యండి,” అంది చివరకు.

మూడో వారానికి ఒక ఇంజనీరుగారు జీపులో వచ్చారు. నడిరోడ్డు మీద ఈ వేడుకేమిటి, వెంటనే నల్లరంగు పూసి మూసేయాలన్నది ఆయన పట్టుదల. నల్లరంగు డబ్బా కూడా వెంట తెచ్చారు. జీపు అవతలి అంచున ఆగింది. పోలమ్మా కూతురూ ఇవతల చీపుర్లతో నిలబడి ఉన్నారు. ముగ్గు పోతే మళ్ళీ కూతురి ప్రాణం లారీల దయ. ఇంజనీరుగారు కోపంగా దిగి, గబగబా రోడ్డు దాటి వచ్చి, “ఎవరిచ్చారమ్మా నీకు ఈ అధికారం? రేపటి నుంచి దీన్నెవరైనా లెక్కచేస్తారా?” అని గద్దించారు.

పోలమ్మ చేతులు జోడించింది. “బాబూ, తవరు కూడా సుట్టూ తిరిగే వొచ్చినారు కదా.”

ఇంజనీరుగారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. అంచు మట్టి అంటిన ఆయన బూటు గుర్తులు తారు మీద ముగ్గును చుట్టి వచ్చి ఉన్నాయి. తిన్నగా వస్తే పది అడుగులు. ఆయన రెట్టింపు నడిచారు, నడిచినట్టు ఆయనకే తెలియదు. తర్వాత డబ్బాను జీపులోనే ఉంచమని చెప్పి, కాగితం తీసి, “మూడో మలుపు: వేగ నియంత్రణ గుర్తు, సంతృప్తికరం” అని రాసుకుని వెళ్ళిపోయారు. ఎంత చక్కని మనిషి! ఆయన గోత్రనామాలు తెలియక గానీ, తెలిస్తే ఈ స్థలపురాణం పుస్తకంలో అచ్చు వేయించేవాళ్ళం.

నాటి నుంచి ఏటా వానలు వెలిశాక, రోడ్డు గీతలకు కొత్త రంగు వేసే ముందు, మొదటి రంగు అమ్మవారికే పోస్తారు. చుక్కలు పెట్టే హక్కు రోడ్డు ఊడ్చే స్త్రీలది. గీత తాతబ్బాయి జట్టుది. వదిలిన చుక్కను ఈనాటికీ ఎవరూ గీతలో కలపరు. దాని మీద ఒక బంతిపువ్వు పెడతారు. కొత్త వాహనాలు తెచ్చేవారు ఇక్కడ నిమ్మకాయలు తొక్కించవద్దని, హారను కొట్టవద్దని మనవి. బండిని నడక వేగానికి దించి అమ్మవారిని చుట్టి వెళితే చాలు, ఆ బండి వల్ల ఏ తల్లికీ కడుపుకోత కలగదని నమ్మకం.

మహిమ కళ్ళారా చూడాలనుకునే భక్తులు పండుగ రోజు కోసం ఆగనక్కరలేదు. ఏ రోజైనా తెల్లవారేవేళ రండి. ఓడరేవు లారీలు ఒకదాని వెనక ఒకటి కొండ దిగుతుంటాయి. మలుపులో నూకరత్నం, వాటికి వీపు పెట్టి, వంగి ఊడ్చుకుంటూ ఉంటుంది.