డ్యూటీ దిగిన చెయ్యి

గౌరునాయుడికి గిటారు కలిసిరాలేదు. ఒకటి కొన్నాడు, అమ్మేశాడు. ఇంకోటి కొన్నాడు, అదీ అమ్మేశాడు.

అతను విశాఖలో సిటీ బస్సు డ్రైవరు. నలభై దాటాక ఈ పిచ్చి పట్టుకుంది. రోజంతా హారన్లూ తిట్లూ విన్న చెవులకి ఇంటికెళ్లాక కాస్త మెత్తటి చప్పుడు కావాలనిపించింది, అంతే. కచేరీలు చేసేద్దామన్న ఆశ ఏమీ లేదు. పిక్కు అనే చిన్న బిళ్ల పట్టుకుని తీగలన్నీ ఒక్కసారి గీకేయడం అతనికి నచ్చలేదు. ఒక్కో తీగనీ ఒక్కో వేలితో మీటే పద్ధతి నేర్చుకుంటానని జ్ఞానాపురంలో దానియేలు మాస్టారి దగ్గర చేరాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అలా మీటాలంటే తీగకీ తీగకీ మధ్య వేలు దూరేంత చోటుండాలి. కొట్లో హాయిగా అనిపించిన గిటారు ఇంటికి తెచ్చాక ఇరుకైపోయేది. ఒక తీగ మీటబోతే పక్కది కూడా మోగేది. సందులో ఎదురుపడ్డ బళ్లలాగా వేళ్లు ఒకదాన్నొకటి రాసుకునేవి.

మొదటిసారి కొట్టువాడు మోసం చేశాడనుకున్నాడు. రెండోసారి వీడియోలు చూసి, చిన్న స్టీలు స్కేలు జేబులో వేసుకెళ్లి, తీగల మధ్య ఎడం పైన మెడ దగ్గరా కింద తీగలు బిగించే బ్రిడ్జి దగ్గరా కొలిచి మరీ తెచ్చాడు. అయినా అదే గోల. ఇంకా వెడల్పువి లేకపోలేదు గానీ అవి అతని జీతానికి అందేవి కావు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, రోజులో తనకంటూ ఉన్న ఆ ఒక్క ముక్కా పోతోందన్న దిగులే అతనికి ఎక్కువగా ఉంది.

ఓ సాయంత్రం వచ్చి మాస్టారి ఎదురుగా బల్ల మీద కూలబడ్డాడు. మానేస్తున్నానని ఇంట్లో ముందే చెప్పేశానన్నాడు. మాస్టారికి చెప్పకుండా మానేస్తే బాగోదని వచ్చానన్నాడు.

"నానింక ఒగ్గేస్తానండి మాస్టారూ. నా సేతులు దీనికి పనికిరావండి."

దానియేలు మాస్టారు పెళ్లిళ్లలో, చర్చిల్లో వాయించీ వాయించీ అలసిపోయిన మనిషి. వేళ్ల కణుపులు వాచిపోయి ఇప్పుడు గ్లాసు పట్టుకోవడమే కష్టం. ఆయన బతిమాలలేదు, ధైర్యమూ చెప్పలేదు. చల్లారిపోయిన టీ తాగడం పూర్తిచేసి ఒక్కటే అడిగారు.

"ఏ రోజున కొన్నావయ్యా అవి?"

వీక్లీ ఆఫ్ రోజున, అన్నాడు నాయుడు. రెండుసార్లూ తలకి పోసుకుని, భోంచేసి, ఓ కునుకు తీసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడట. మంచి వస్తువు కొనేటప్పుడు మనిషి శుభ్రంగా ఉండాలి కదా అన్నాడు. కొబ్బరికాయ ఒక్కటే తక్కువ.

"స్కేలు?"

"స్కేలు సరిగ్గానే ఉందండి."

"ఉంటుంది. దానికి డ్యూటీ లేదు కదా." మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "రేపు బస్సు దిగి సరాసరి డాబాగార్డెన్స్ గిటార్ల కొట్టుకి రా. మొహం కూడా కడుక్కోకు."

నాయుడికి కాస్త రోషం వచ్చింది. అయినా చివరిసారి కదా అని ఊరుకున్నాడు.

మర్నాడు అతనికి సింహాచలం రూటు పడింది. ఎండ, జనం, దారి పొడుగునా తవ్వేసిన రోడ్డు. ఓ ఆటోవాడు అడ్డం వచ్చి, తప్పు తనదైనా నాయుణ్నే తిట్టిపోశాడు. డిపోలో బస్సు అప్పజెప్పి కొట్టు చేరేసరికి ఖాకీ చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. స్టీరింగు పట్టుకుని పట్టుకుని కుడిచెయ్యి అలాగే వంకర తిరిగి బిగుసుకుపోయింది. అద్దాల తలుపు దగ్గర సేల్స్ కుర్రాడు ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. మాస్టారు అప్పటికే లోపల కూర్చుని ఉన్నారు.

కుర్రాడు ఒక గిటారు తెచ్చి ఒళ్లో పెట్టాడు. నాయుడు వేళ్లు విరుచుకుని, అరచెయ్యి సాగదీసి, దులపబోయాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"వద్దు. ఎలా ఉన్నది అలాగే ఉంచు."

నిద్రపోయిన పిల్లాడి చెయ్యి సర్దినట్టు, దాన్ని తీసుకెళ్లి తీగల మీద వాల్చారు. వాయించొద్దన్నారు. ఉబ్బిన వేళ్లు నాలుగూ రెండు తీగల మీదే గుంపుగా పడ్డాయి. మాస్టారు తల అడ్డంగా ఊపారు. కుర్రాడు ఇంకోటి తెచ్చాడు, దానిమీదా అంతే. ఆ తర్వాత తెచ్చినది ధరలో ఎక్కువే గానీ మెడ మరీ సన్నం. వాయించి చూడకుండా ఎలా తెలుస్తుంది సార్ అని కుర్రాడు విసుక్కున్నాడు.

కొట్లోవాళ్లంతా తన చేతులనే చూస్తున్నట్టు అనిపించింది నాయుడికి. సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా మారే ఓపిక కూడా అతనిలో లేదు.

"ఎల్లిపోదారండి మాస్టారూ. ఎల్లుండి నాకు ఆఫు. అప్పుడొచ్చి సూద్దారి. ఇయ్యేళ ఇయి నా సేతుల్లాగ లేవండి."

"మరి ఎవరివి?"

నాయుడు ఒళ్లో ఉన్న చేతుల వైపు చూశాడు. కణుపుల దగ్గర గ్రీజు మరక, అరచేతిలో ఎర్రగా స్టీరింగు ఒరుసుకున్న చార. పొద్దున్న కడుక్కున్నాక వాటిని చూడటం అదే మొదలు. చాలాసేపు చూశాడు.

మాస్టారు గొంతు తగ్గించారు. "ఆఫ్ రోజు చెయ్యి చుట్టం లాంటిది నాయుడూ. వస్తుంది, పోతుంది. ఇంట్లో ఉండేది ఇదే."

కుర్రాడు ఇక లాభం లేదనుకున్నాడేమో, అద్దం పక్కన వేలాడుతున్నది దించి తెచ్చాడు. ఎండ తగిలి ఒక పక్క రంగు వెలిసిపోయిందని, ఎవరూ అడగట్లేదని, అందుకే రేటు తగ్గించారని తనే చెప్పేశాడు. మెడ కాస్త బల్లపరుపుగా, వెడల్పుగా ఉంది.

ఈసారి మాస్టారు చెయ్యి పట్టుకోలేదు. నాయుడు తనే, వేళ్లు విరుచుకోకుండా, దులపకుండా, తీసుకెళ్లి వాల్చాడు. బొటనవేలు లావు తీగ మీద ఆగింది. మిగతా వేళ్లు ఒకదాని పక్కన ఒకటి, దేని తీగ మీద అది పడ్డాయి. ఏదీ దేనికీ తగల్లేదు. భుజం కిందికి జారింది. అతను కళ్లు మూసుకున్నాడు.

కుర్రాడు కాసేపు నిలబడి చూశాడు. ఏదైనా ఒక ముక్క వాయించండి సార్, సౌండు తెలుస్తుంది అన్నాడు.

నాయుడు చెయ్యి తియ్యలేదు, కళ్లూ తెరవలేదు.

"ఉండు బాబూ," అన్నాడు. "ఇప్పుడే కదా డ్యూటీ దిగేను."