ఎండు బోర్ల మీద సున్నం

తిప్పేస్వామి అయ్యవారి దగ్గరికి ఎవరైనా కోపంతో వస్తే, ఆయన మొదట చాటెడు వేరుశనగ కాయలు వాళ్ల ముందు పెట్టేవారు. కాయలు ఒలిచి చాట సగమయ్యేదాకా ప్రశ్న అడగనిచ్చేవారు కాదు. బడిపంతులుగా రిటైరయ్యాక ఆయన మా టౌనులో ఒక రేకుల షెడ్డులో ఆదివారం ఉదయాలు పెద్దవాళ్లకు తర్కం చెప్పేవారు. ఫీజు లేదు. ఆలస్యంగా వచ్చినవాడికి చోటూ లేదు. నేను పదకొండేళ్లు వెళ్లాను. కాయలు ఒలవడం నామోషీ అనుకుని వెనక్కి తిరిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు పోవడమే మేలైంది.

ఒక ఆదివారం విరూపాక్ష కోపంగా వచ్చాడు. కరెంటాఫీసులో గుమాస్తా. మాలో అందరికన్నా చురుకైనవాడు. అతని చేతిలో ఎప్పుడూ ఒక లావు నోటుబుక్కు ఉండేది. అందులో నాలుగు భాగాలు: శాస్త్రం, రాజకీయం, నీతి, యంత్రాలు. టౌనులో ఏ సభలో ఎవరు తప్పు మాట మాట్లాడినా తేదీతో సహా అందులో ఎక్కించి, కింద ఖండన రాసేవాడు. మొదటి పేజీ మాత్రం ఖాళీ. అందరిలా పైన శ్రీకారం చుట్టడం అతనికి ఇష్టం లేదు. "మూఢాచారానికి నా పుస్తకంలో చోటు లేదనడానికి ఇది గుర్తు" అని ఆ తెల్ల పేజీని గర్వంగా చూపించేవాడు.

ఆ సాయంత్రం మున్సిపల్ హాలులో చర్చ ఉంది. ఆకును ఫోటో తీస్తే తెగులు పేరు, మందు పేరు చెప్పే ఫోన్లను రైతులు నమ్మవచ్చా అన్నది విషయం. అవతలి పక్షాన మాట్లాడేది విరూపాక్ష బావమరిది. కిందటి చర్చలో విరూపాక్ష చేతిలో ఓడిపోయిన దగ్గర నుంచి, మూడు నెలలుగా ఆ మనిషి అక్క ఇంటి గడప తొక్కలేదు.

చాట సగమయింది. విరూపాక్ష అడిగాడు.

"అయ్యవారూ, తప్పని రుజువు చేశాక కూడా మనిషి ఎందుకు ఒప్పుకోడు? నిజం నా వైపే ఉంది. అందరూ చూశారు. అయినా వాడు ఒప్పుకోలేదు. ఈ సాయంత్రం ఇంకెంత గట్టిగా కొట్టాలి?"

పక్కన కూర్చున్న టైలరు మౌలాలి నవ్వాడు. "ఇప్పటికి ఇల్లు మానేసినాడు. ఇంకొంచెం గట్టిగా కొట్టు విరూపాక్షన్నా, ఊరే మానేస్తాడు."

అయ్యవారు నవ్వలేదు. నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. రెండు మూడు పేజీలు తిప్పి, మూసి, ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ల కిందట నేను కొండ కింద ఒక ఊళ్లో పంతులుని. ఊరి పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు. రెండేళ్లు వరసగా వానలు లేవు. కింది గేరిలో, అంటే ఊరి కింది వాడలో, బోరింగు కొడితే గాలి వచ్చేది. ఆ గేరి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి తోటబావి నుంచి నీళ్లు తెచ్చుకునేవారు. అలాంటప్పుడు పంచాయతీకి రెండు బోర్లు మంజూరైనాయి. రెండే.

ఆ ఊళ్లో ఎవరు బోరు వేయాలన్నా ఓబన్నను పిలిచేవారు. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. కాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు. ఇరవై ఏళ్లలో ఓబన్న కాయ తప్పలేదని ఊరంతా చెప్పేది. తప్పలేదని చెప్పడం సులువు, ఎందుకంటే ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎండిన బోరు పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే పక్క బోరూ ఎండుతుందని నమ్మకం. నీళ్లు పడని రోజే దాని మీద ఒక బండ వేసి, మాట్లాడకుండా ఇంటికి పోయేవారు. ఆ తర్వాత ఆ బోరు లేనట్టే, వేయనట్టే.

బోరింగులు బాగుచేసే సుంకమ్మది కింది గేరి. ఏడో తరగతి చదివింది. ఏ బోరింగులో ఎన్ని పైపులు దిగాయో, ఏది ఎండాకాలంలో ముందుగా గాలి పీలుస్తుందో, ఏది చివరిదాకా ఇస్తుందో ఆమెకు నోటికి వచ్చు. బోర్లు ఎక్కడ వేయాలో తేల్చడానికి పంచాయతీ ఆఫీసు ముందు ఊరు కూడినప్పుడు ఆమె లేచి నిలబడి అడిగింది.

"ఓబన్నా, నీ కాయ తప్పిందనుకో. తప్పిందని నీకెట్ల తెలుస్తుంది?"

"తప్పదు మే."

"తప్పితే?"

"తప్పదంటి గదా!"

జనం గొల్లున నవ్వారు. సర్పంచి కుళ్లాయప్ప కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు. "పైపులు బిగించే చేత్తో పైపులు బిగించుకో సుంకమ్మా. భూమి కడుపులో ఏముందో నీకేం తెలుసు?"

"నాకు తెలిసింది కొంచెమే సర్పంచన్నా. కానీ నాది తప్పయితే అది తప్పని మీకెట్ల తెలుస్తుందో ఇప్పుడే చెప్తా, ఇనుకో. వంక ఒడ్డున నేను గీత గీస్తా. అక్కడ మూడు నూర్ల అడుగుల లోపల నీళ్లు రాకపోతే నాది తప్పు. ఇదే చోట నిలబడి తప్పని చెప్తా. నా రెంచి ఈడ పెట్టేసి పోతా."

కుళ్లాయప్పకు ఆ మాట పండగలా వినిపించింది. "అయితే మొదటి బోరు నీదే వేస్తాం. నీ నోరు మూతపడే దారి నువ్వే చూపిస్తివి" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆ గుంపులో అందరికన్నా ఎక్కువ చదివినవాణ్ని నేను. బండల కింద ఏముందో నాకూ తెలుసు. బడిలో పిల్లలకు ప్రయోగాల పాఠం చెప్పేవాణ్ని. ఆ రోజు నోరు తెరవలేదు. నాకు ఇల్లు బాడుగకు ఇచ్చింది కుళ్లాయప్పే.

మర్నాడు బోరు లారీ వచ్చింది. నూరడుగులు, నూటయాభై, రెండు నూర్లు. తెల్లటి రాతిపిండి లేచి చూసేవాళ్ల తలల మీద పడుతోంది. పిండి తడిగా వస్తుందేమోనని సుంకమ్మ మాటిమాటికి గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూసింది. మూడు నూర్ల అడుగులకు లారీ ఆపారు. పిండి పొడిగానే ఉంది.

ఆమె పంచాయతీ ఆఫీసు ముందుకు నడిచింది. జనం వెనకాలే వచ్చారు. రెంచిని గచ్చు మీద పెట్టింది. "నాది తప్పు. నేను చెప్పిన చోట నీళ్లు లేవు" అంది, అందరికీ వినబడేటట్టు.

ఈలలు పడ్డాయి. అంతకన్నా గట్టి దెబ్బ ఆమెకు సొంత గేరి నుంచి తగిలింది. గంగులమ్మ అనే ముసలామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని ముందుకొచ్చి అంది. "నీ పంతానికి మా నీళ్లు పోగొడితివి కదే. ఉన్నది రెండు బోర్లు. ఒకటి నువ్వు మింగితివి."

సుంకమ్మ తలవంచింది.

"ఇంక నోరు మూస్తావా?" అన్నాడు కుళ్లాయప్ప.

అప్పుడు తల ఎత్తింది. "మూయను. నాది తప్పయింది. అంతమాత్రాన కాయకు కండ్లు మొలవలేదు సర్పంచన్నా."

మరుసటి రోజు పొద్దున్నే ఆమె ఒక బకెట్టు సున్నం, ఒక కుంచె పట్టుకుని బయలుదేరింది. మొదట పోయింది వంక ఒడ్డుకు, తన బోరు దగ్గరికి. బండ మీద పెద్ద అక్షరాలతో రాసింది: "సుంకమ్మ చెప్పిన చోటు. నీళ్లు పడలేదు." తేదీ వేసింది. తర్వాత పక్క చేనులో బండ దగ్గరికి పోయింది. "ఓబన్న చెప్పిన చోటు. నీళ్లు పడలేదు" అని రాసింది.

మూడో బండ దగ్గరికి చేరేసరికి ఊరు కదిలొచ్చింది. ఎండుబోరు పేరు రాసి ఊరిని ఎండగడుతోందని అరుపులు. కుళ్లాయప్ప తమ్ముడు బకెట్టును కాలితో తన్నాడు. సున్నం చేనులో పారింది. ఆమె కుంచెను నేల మీద పారిన సున్నంలోనే అద్ది రాయడం మొదలుపెట్టింది.

"ఎవరిని అడిగి రాస్తున్నావే?"

"నా తప్పు రాసేటప్పుడు ఎవరూ అడగలేదే. నిన్న నా తప్పు విని ఈలలేస్తిరి గదా. ఇది కూడా చదవండి."

ఎవరో రాయి తీశారు. విసరలేదు కాని చేతిలోనే పట్టుకున్నారు. ఆమె రాస్తూనే ఉంది. ఆ వేళ నేను బడి అరుగు మీద నిలబడి చూస్తున్నాను. గంట కొట్టే టైము దాటిపోయింది. లోపలి నుంచి పిల్లలు పిలుస్తున్నారు.

అప్పుడు ఓబన్న వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆమెను కొడతాడని కొందరు, శపిస్తాడని కొందరు ఎదురుచూశారు. అతను బండను చూశాడు. చదువు రాదు. "ఏమని రాస్తివి?" అని అడిగాడు. ఆమె చదివి వినిపించింది.

"ఎన్ని ఉన్నాయనుకుంటివి?" అన్నాడు.

"నాకు తెలిసినవి తొమ్మిది అన్నా. నాది కాక."

"పది. తిమ్మప్ప చేనులో తుమ్మకంప కింద ఒకటుంది. మట్టి కప్పేసినారు. నీకు తెలియదు. రా, చూపిస్తా."

తనే ముందు నడిచాడు. నేల మీది సున్నం బకెట్టులోకి ఎత్తుకుని ఆమె వెనకాలే పోయింది. కంపను తనే తొలగించాడు. చేతులతో మట్టి గీకి బండ బయటపెట్టాడు. ఆమె రాసింది. రాశాక ఓబన్న బొటనవేలు సున్నంలో ముంచి ఆ రాత కింద వేలిముద్ర వేశాడు. తిరిగి వస్తూ ఆమె రాసిన మిగతా వాటి మీదా వేశాడు. కుళ్లాయప్ప, "నీకేం పట్టిందబ్బా?" అని కేకేస్తే ఓబన్న వెనక్కి చూడకుండానే అన్నాడు.

"ఇరవై ఏండ్లుగా ప్రతి బండా నాకు తెలుసు. తప్పిందా అని మీరు ఒక్కరన్నా అడిగితిరా?"

మధ్యాహ్నానికి పదకొండు బండలు తెల్లబడినాయి. బడి అరుగు మీద నుంచి చూస్తే, వంక ఒడ్డు నుంచి కొండ పాదం దాకా ఒకే వరసలో కనిపించాయి. భూమి కింద నల్లరాయి గోడలాగా పోతోందని పిల్లవాడికైనా తెలిసిపోయేంత సూటిగా. అప్పటికి నేను ఆ ఊళ్లో నాలుగేళ్లుగా ఉన్నాను. అంతదాకా అది చూడలేదు.

రెండో బోరు ఆ వరసకు దూరంగా, పై చేనులో వేశారు. చోటు ఓబన్న, సుంకమ్మ కలిసే చెప్పారు. ఓబన్న ఆ రోజూ కొబ్బరికాయ తెచ్చాడు. అరచేతిలో పెట్టుకోలేదు. లారీ ముందు పగలగొట్టి ముక్కలు అందరికీ పంచాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. తిన్నాను.

అయ్యవారు అక్కడ ఆపి, చాటలో నుంచి ఒక కాయ తీసి ఒలిచారు. విరూపాక్ష అడిగాడు.

"నీళ్లు పడ్డాయా?"

"పడ్డాయి. ఎక్కువేమీ కాదు, కింది గేరికి సరిపోయేటన్ని. పడకపోయి ఉంటే పన్నెండో బండకు సున్నం మిగిలే ఉంది."

"రెంచి తిరిగిచ్చిరా అయ్యవారూ?" అన్నాడు మౌలాలి.

"ఇవ్వలేదు. ఆమె అడగలేదు. బోరింగు చెడిపోతే పక్క ఊరి నుంచి మనిషి వచ్చేవాడు. అతను బిగిస్తుంటే ఆమె పక్కన నిలబడి ఎన్నో పైపు లీకో చెప్పేది."

విరూపాక్ష ముఖం ఎర్రబడింది. అతను తేలికగా తగ్గేవాడు కాదు. "కథ బాగుంది. కానీ ఓబన్న మంచివాడు కాబట్టి ఒప్పుకున్నాడు. నా బావమరిది ఓబన్న కాడు. నేను అడిగింది వాడి గురించి" అన్నాడు.

అయ్యవారు ఒళ్లో ఉన్న నోటుబుక్కు తెరిచి, అతని వైపు తిప్పి, చాట మీద పెట్టారు.

"సుంకమ్మ మొదటి రాత తన బండ మీదే. నీ మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది" అన్నారు. "పెన్నుందా?"