వీధికెక్కిన తలుపులు

ఒకానొక రాజ్యంలో, కోట గుర్రాలకు గడ్డి కోసేవాళ్ల ఇళ్లకు ఏనాడో సీసం కలిసిన ఎర్రరంగు పూశారు. ఊడిన ఆ రంగు పెచ్చులు తియ్యగా ఉంటాయి. పిల్లలు నాకుతారు, నాకినవాళ్ల బుద్ధి మందగిస్తుంది. చివరికి రాజుగారికి జాలి పుట్టి, రంగంతా గీకించమని ఖజానా తెరిచారు.

అధికారి నాగదేవయ్య మాత్రం వీధివైపు గోడలు గీకించి చేతులు దులుపుకున్నాడు.

గడ్డికోసే సన్నెమ్మ అడ్డుపడింది. "దొరా, నా చంటోడు నాకేది లోపలి తలుపుని. దాన్నీ గీకించండి."

"రేపు రాజుగారి పల్లకీ ఈ దారినే వస్తోంది. వీధిలో ఉన్నదే మా పని. ఆయనేమన్నా నీ ఇంట్లోకి తొంగిచూస్తారా? పోవే!"

సన్నెమ్మ తెల్లారేసరికి లోపలి తలుపులు, కిటికీ రెక్కలు ఊడబెరికి వీధిలో నిలబెట్టింది. ఆమెను చూసి వాడంతా అదే పని చేసింది.

పల్లకీ ఆగింది. "ఏమిటిదంతా?" అన్నారు రాజుగారు.

"వీధిలో ఉన్నదే గీకిస్తామన్నారు ప్రభూ మా అయ్యగారు. అందుకని ఇంట్లోది వీధిలోకి తెచ్చుకున్నాం," అంది సన్నెమ్మ.

కాదంటే తన బండారమే బయటపడుతుందని నాగదేవయ్య గబగబా పనివాళ్లను పిలిచాడు. అక్కడే గీకుడు మొదలైంది.

రాజుగారు పకపకా నవ్వారు. "గడ్డి కోసేదానివి, నీకింత తెలివెక్కడిదే?"

"నా పెద్దకూతురికి ఇంతకన్నా ఎక్కువ ఉండేది ప్రభూ," అంది సన్నెమ్మ. "ఆ తలుపే నాకింది. ఇప్పుడు నన్ను చూసి, నువ్వెవరని అడుగుతోంది."