పారమ్మ పిక్కల మీద నీలి నరాలు

అనగనగా కొండవాలున ఒక ఊళ్ళో పారమ్మ అని ఒకావిడ ఉండేది బంగారూ. ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసేది. పొద్దున నిలబడిందంటే పొద్దుగూకేదాకా నిలబడే ఉండేది.

ఆవిడకి కోలాటమంటే ప్రాణం. అమ్మవారి సంబరంలో ఏటా ముందు వరస ఆవిడదే. కానీ ఆ ఏడు కాళ్ళు బరువెక్కిపోయాయి. పిక్కల మీద నీలి నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి.

అప్పుడు ఆడపడుచు వరాలమ్మ మూతి తిప్పింది. "ఈసారి ముందు వరస నాకొదిలెయ్యవే మరదలా. నువ్వు చెప్పులకి కాపలా కూర్చో."

పారమ్మకి ఒళ్ళు మండింది. సంబరం ఇంకా నెలుంది. ఏం చేసిందో తెలుసా? పాము కరిస్తే కడతారే, అలా రెండు మోకాళ్ళ కిందా తాడు బిగించి కట్టేసింది! ఇంకేముంది, పాదాలు పూరీల్లా పొంగాయి.

ఆ తర్వాత కుంటుకుంటూ ఊరి ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికెళ్ళింది.

"ఏ పాము కరిచిందే?" అంది నర్సమ్మ.

"పాము కాదమ్మా, నరాలు పైకి పాకకుండా కట్టాను."

"పాము కరిచినా ఇలా బిగించకూడదు తల్లీ! రక్తం పాదాల నుంచి గుండెదాకా ఎక్కాలి. పాపం, దాని దారికి అడ్డం కడతావా?" అని తాళ్ళు విప్పేసింది. పెద్ద డాక్టరుకీ చూపించింది. భయం లేదన్నారు.

అప్పుడు నర్సమ్మ అడిగింది, "రోజూ ఏం తింటావు?"

"తెల్లన్నం, ఎండుచేప, ఆవకాయ."

"నీళ్ళు?"

"తాగితే పని వదిలి చాటుకెళ్ళాలి గదమ్మా."

"మరి దొడ్డికి?"

"మూడ్రోజులకోసారి. ముక్కీ ముక్కీ ప్రాణం పోతుంది."

నవ్వకు బంగారూ, విను. ముక్కితే ఆ బరువూ నరాల మీదే పడుతుందట. ఉప్పు ఎక్కువైతే కాళ్ళు ఉబ్బుతాయట.

నర్సమ్మ చెప్పినట్టే మొదటి వారం పారమ్మ గంటగంటకీ నీళ్ళు తాగింది. నాలుగడుగులు తిరిగి, మళ్ళీ ఇస్త్రీ పట్టింది. రెండో వారం పొద్దున్నే చోడి అంబలి, అదే రాగిజావ, మధ్యాహ్నం తోటకూర, సాయంత్రం జామకాయ. ముక్కుడు పోయింది! మూడో వారం ఆవకాయ మానడమే కష్టమైంది. రాత్రి ఆవకాయ జాడీ పిలుస్తుంటే నిద్రపట్టేది కాదు. చివరికి జాడీని వరాలమ్మ ఇంట్లో పెట్టి, "నేను ఏడ్చి అడిగినా ఇవ్వకు వదినా" అని పారిపోయి వచ్చింది.

సంబరం రానే వచ్చింది. నరాలు మాయమైపోలేదు, అమ్మమ్మ అబద్ధం చెప్పదు. కానీ బరువు దిగింది, వాపు తగ్గింది. పారమ్మ చీర పైకి దోపి, కోలలు పట్టుకుని ముందు వరసలో నిలబడింది.

ఓ చిట్టిపిల్ల వేలు చూపించి, "అవ్వా, నీ కాళ్ళ మీద ఆ మెలికలేంటి?" అంది.

"అవా? సంబరానికి నాతోపాటు ఆడ్డానికొచ్చాయే!" అని పారమ్మ గిర్రున తిరిగింది. వరాలమ్మే ముందు పకపకా నవ్వి, పక్కన చేరి కోల కలిపింది.

కోల కోల కలిసె, కాలు కాలు కదిలె,
కథ కంచి చేరె, కన్ను నిద్ర కోరె.
పదవే బంగారూ, మనమూ ఇంటికి!