బేరమాడని రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆయన ఏలే పట్నం పేరు సందడిపురం. పేరుకు తగ్గట్టే ఊరంతా సందడే. తెల్లారకముందే అంగళ్ళు తెరిచేవారు. ఎటు చూసినా బళ్ళు, అరుపులు, తోపులాట. ఇంకో సంగతి చెప్పనా? ఆ ఊళ్ళో బేరమాడకుండా ఎవరూ ఏదీ తీసుకునేవారు కాదు. తోటకూర కట్ట దగ్గర బేరం, పట్టుచీర దగ్గర బేరం. ఆఖరికి వైద్యుడు మూడు పూటలా కషాయం తాగమంటే "రెండు పూటలు చాలదా అయ్యా?" అనేవారు. నవ్వకండర్రా, మీ అమ్మలేమైనా తక్కువ తిన్నారా?

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు విజయకేతు, చిన్నవాడు రత్నకేతు. రత్నకేతుకి ఊరి సందడంటే ప్రాణం. కింద బజారులో గోల వినబడకపోతే వాడికి ముద్ద దిగేది కాదు.

ఒక ఏడు వాన రాలేదు. ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది, చుక్క లేదు. బావులు అడుగంటాయి. పడమటి కొండల మీద మాత్రం నల్లమబ్బు కదలకుండా కూర్చుంది. ఆ అడవిలో మేఘమాలి అనే మాంత్రికుడు వానని పట్టి కట్టేశాడు. తన దగ్గరికి ఎవరూ రాకుండా తన చుట్టూనే కురిపించుకుంటున్నాడు. రాజు దండోరా వేయించాడు. శ్రావణం వెళ్ళేలోగా వాన రాకపోతే ఊరు ఖాళీ చేసి పోవాలని. రత్నకేతు ఆ మాట విని ఏడ్చేశాడు.

వానని విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. "ఇక నేను వెళ్తానమ్మా" అన్నాడు చిన్నవాడు. తల్లి కళ్ళు తుడుచుకుని అటుకులు, బెల్లం, బాగా ఎండిన మిరపకాయలు మూటగట్టి ఇచ్చింది.

కొండలెక్కేసరికి వాన, వాన, వాన. చెట్లన్నీ నాచు పట్టి ఉన్నాయి, కాళ్ళ నిండా జలగలు. ఒక వాగులో బెట్టుడుత ఒకటి, పిల్లి అంత పెద్ద కొండ ఉడుత, కొట్టుకుపోతుంటే రత్నకేతు దూకి పైకి తీసి, తన పైపంచెతో తుడిచాడు. అది తుమ్మి, "చల్లగా ఉండు నాయనా" అని, తిన్నగా వాణ్ణి కొండదొర ఇంటికి తీసుకెళ్ళింది. కొండదొర కూతురు పొన్నారి వాడికి నెగడు దగ్గర చోటిచ్చి, వేడివేడిగా రాగిజావ పోసింది.

"మీ అన్నలు మాంత్రికుడి ముంగిట్లో రాళ్ళయి పడున్నారు" అంది ఉడుత. "వాడు గడపకి శాపం పెట్టాడు. అక్కడ నిలబడి అన్న మాట తగ్గించమన్నా, తగ్గించినా రాయే. వాడు మూడు పనులు చెప్పాడు. మీవాళ్ళు మూడెందుకు, రెండు చేస్తాంలే అన్నారు."

"మా ఊరివాళ్ళు ఎవరైనా అదే అంటారు" అన్నాడు రత్నకేతు దిగులుగా.

"మా కొండల్లో బేరమే తెలీదు" అంది పొన్నారి. "అడిగితే ఇస్తాం, లేకపోతే లేదంటాం."

"ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?" అని అడిగాడు రత్నకేతు.

"పంజరంలో చిలకలో ఉంది. ముట్టుకుంటే మాడిపోతావు. కానీ ఈ ముసురుకి గింజలన్నీ బూజు పట్టాయి. చిలక తిండి మానేసింది. అది చిక్కుతుంటే వాడూ చిక్కుతున్నాడు" అంది ఉడుత.

"ఆ శాపం వాడికీ తగులుతుందా?" అని అడిగాడు రత్నకేతు.

"గడపకి ఇంటివాడెవరో, వచ్చినవాడెవరో ఏం తెలుసు?"

"అయితే ఫరవాలేదు. బజారులో పుట్టి పెరిగినవాణ్ణి" అన్నాడు రత్నకేతు, హాయిగా రాగిజావ ఇంకొంచెం పోయించుకుని.

మర్నాడు మాంత్రికుడి గుమ్మానికి వెళ్ళాడు. "వాన కావాలి" అన్నాడు. "మూడు పనులు చెయ్యి" అన్నాడు మేఘమాలి. రాకుమారుడి నోటిదాకా వచ్చింది పాడు బేరం మాట. నాలిక కరుచుకుని, "సరే" అన్నాడు.

మొదటి పని, ఈ వానలో ఎండుకట్టెలు తేవడం. ఉడుత తన తొర్రలో దాచుకున్న పుల్లలన్నీ ఇచ్చింది. తెచ్చి పడేశాడు. రెండో పని, నిలువు బండ మీదున్న తేనెపట్టు దింపడం. పొన్నారి అడ్డతీగలతో పేనిన తాడు పైన చెట్టుకి కట్టి పట్టుకుంటే దిగి తేనె తెచ్చాడు.

"ఇక మూడో పని" అని మాంత్రికుడు నవ్వాడు. "కురిసే చినుకులన్నీ లెక్కపెట్టి చెప్పు."

రత్నకేతు వద్దనలేదు, తగ్గించమనలేదు. తీరిగ్గా అరుగు మీద కూర్చుని మూట విప్పాడు. పట్నపు ఎండలో ఎండిన మిరపకాయల ఘాటు గుప్పున కొట్టింది. పంజరంలో చిలక ముక్కు చువ్వల్లోకి దూర్చి, "మిరపకాయ, మిరపకాయ" అని గోల పెట్టింది. మాంత్రికుడికి నోరూరింది.

"అవి దానికి పెట్టు" అన్నాడు.

రత్నకేతు లేచాడు. మూట కట్టి, భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. సందడిపురంలో పసిపిల్లలకి కూడా తెలిసిన విద్య అది. కొనేవాడు వెళ్ళిపోతుంటే అమ్మేవాడి గుండె ఆగదు.

చిలక రెక్కలు కొట్టుకుంది. మాంత్రికుడికి ఊపిరాడలేదు. రాకుమారుడు మెట్లు దిగాడు, వాకిలి దాటాడు, వెనక్కి చూడలేదు.

"ఇదిగో అబ్బాయ్, ఆగు. మూడోది వద్దులే, ఆ రెండూ చాలు" అని గడప మీద నిలబడి కేకేశాడు మేఘమాలి.

అంతే. చాపిన చెయ్యి చాపినట్టే రాయైపోయాడు. కట్లు తెగి మబ్బులు కదిలాయి. ముంగిట్లో రాళ్ళు రెండూ ఆవలించి లేచి, జయకేతు, విజయకేతులై తమ్ముణ్ణి కావిలించుకున్నారు. చిలకని చంపాలి కదా అంటారేమో. ఎందుకు, పాపం? ఉడుత పంజరం తలుపు తీసింది. చిలక కడుపునిండా మిరపకాయలు తిని అడవిలోకి ఎగిరిపోయింది.

రత్నకేతు కొండదొర ఎదుట నిలబడి, "పొన్నారిని నాకివ్వండి" అన్నాడు, ఇంకేం కలపకుండా. దొర కూతురి మొహం చూశాడు. ఆమె నవ్వింది. "ఇచ్చాను" అన్నాడు.

వీళ్ళు దిగేలోపే వాన పట్నం చేరింది. అప్పటికే జనం సామాన్లు బళ్ళకెత్తి, తలుపులకి తాళాలు వేసి, వీధుల్లో నిలబడి ఉన్నారు. మూటలు తడుస్తున్నాయని ఒక్కరూ కంగారుపడలేదు. తడుస్తూనే బళ్ళు దింపుకున్నారు. అంగళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఆ వానలోనే పెళ్ళి. అన్నలు రాజ్యం తమ్ముడికే ఒప్పజెప్పారు. రత్నకేతు, పొన్నారి ఏళ్ళ తరబడి చల్లగా ఏలారు. పెళ్ళినాడు మాత్రం బజారు గోలకి పురోహితుడి మంత్రం ఒక్కటీ వినబడలేదు. రత్నకేతు కళ్ళు తుడుచుకుంటూ, మారువడ్డన అడిగి మరీ భోంచేశాడు.