నాగేశం గదిలో మిన్నల్లులు

సోమిదేవమ్మగారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఆమె ఆశ్రమంలో వంట చూసుకునే శిష్యుడు నాగేశం ఒక ఉదయం అడిగాడు. "అమ్మగారూ, ఈ మనుషుల మధ్య నాకు కోపం ఆగడం లేదు. ఎవరూ లేని చోటికి వెళ్ళిపోతే తగ్గుతుందంటారా?"

"కాళ్ళ మీద ఆ దద్దుర్లేమిటి?" అన్నారామె.

అవి మిన్నల్లుల కాట్లు. కుక్కల బొచ్చులో చేరి నెత్తురు తాగే గంతుల పురుగులవి. నాగేశం మంచం కింద పడుకునే కుక్క బూచి వాటిని తెచ్చింది. కూనగా వానలో వణుకుతుంటే ఉత్తరీయంలో చుట్టి దాన్ని తెచ్చుకున్నది అతనే. అయినా దురద భరించలేక, దాన్ని ఏటి అవతల కుమ్మరి వీరాస్వామికి ఇచ్చేశాడు. గది మూసి చెల్లెలింటికి వెళ్ళాడు. అక్కడ ఎందుకో అన్నం సయించలేదు.

కొన్ని వారాలకు తిరిగొచ్చి గదిలో అడుగు పెట్టాడో లేదో, పురుగులు గుంపుగా ఎగిరి కాళ్ళకు పట్టుకున్నాయి. కుక్క లేదు కనక, ఆకలంతా అతని మీదే తీర్చుకున్నాయి.

అమ్మగారు వచ్చి చాప ఎత్తారు. గచ్చు పగులులో పుల్లతో గీకి, దుమ్ము అంటిన చిన్న చిన్న గూళ్ళు చూపించారు.

"గుడ్లు కుక్క ఒంటి మీంచి జారి ఇక్కడే పడ్డాయి. ఇక్కడే పెరిగి, గూళ్ళలో నీ అడుగు అదురు కోసం కాచుకున్నాయి. ముందు వెళ్ళి బూచిని తీసుకురా."

వీరాస్వామి ఇంటి దగ్గర అతన్ని చూసి బూచి అలిగినట్టు మొహం తిప్పుకుంది. కాసేపటికి లేచి వచ్చి మడమలు నాకింది. నాగేశం దాన్ని ఎత్తుకుని ఏరు దాటి తెచ్చాడు.

ఇక పని మొదలైంది. అమ్మగారు గుమ్మంలో కూర్చుని సన్నపళ్ళ దువ్వెనతో బూచిని దువ్వి, దొరికిన పురుగుల్ని సబ్బునీళ్ళలో వేసేవారు. నాగేశం పక్కబట్టలు మరిగే నీళ్ళలో ఉడికించి ఎండలో ఆరేశాడు, పగుళ్ళలో సున్నం మెత్తాడు, రోజూ మూలమూలా ఊడ్చాడు. తగ్గాయనుకున్నప్పుడల్లా మరికొన్ని గూళ్ళు పగిలేవి. ఒకనాడు ఊడ్చిన చోటే మళ్ళీ పురుగు గెంతితే, చీపురు గోడకేసి కొట్టాడు. బూచి అమ్మగారి ఒళ్ళోంచి దూకి మూలకు నక్కింది.

నాగేశం సిగ్గుపడి చీపురు తీసుకున్నాడు. "ఇంకా ఎన్నాళ్ళు ఊడవాలమ్మా?"

"ఉండే ఇల్లు కదా, నాయనా" అన్నారామె దువ్వెన తుడుస్తూ. "ముందు దాన్ని పిలు. భయపడింది."