చెద తిన్న కావ్యం

రాజుగారి గ్రంథాలయంలో తాటాకులు దులిపే పని గవరయ్యది. ఆస్థానకవి శేషభట్టు కావ్యానికి ఉన్న ఒక్క ప్రతికీ చెద పట్టడం చూసి, అది పూర్తిగా పోకముందే గంటం పట్టుకుని నకలు రాసేశాడు.

"నా అనుమతి లేకుండా నకలు తీయకూడదని శాసనం ఉంది! ఆ దొంగ ప్రతిని తగలబెట్టించండి, ప్రభూ!" అని శేషభట్టు నిండు సభలో మండిపడ్డాడు.

గవరయ్య చేతులు జోడించి, "అలాగే కాల్చేద్దాం ప్రభూ! అసలుది ఇప్పటికే చెదల పాలైంది. కవిగారు కావ్యమంతా ఒక్కసారి అప్పజెబితే, వారి అనుమతితోనే కొత్తగా రాసుకుని, దీన్ని నేనే నిప్పులో వేస్తాను" అన్నాడు.

శేషభట్టు ఠీవిగా మొదలుపెట్టాడు. మూడో పద్యం సగంలో ఆగి, గొంతు సవరించుకుని, గవరయ్య చేతిలోని నకలు వైపు మెడ చాచాడు.

రాజు నవ్వాపుకోలేకపోయాడు. శిథిలమయ్యే గ్రంథాలకు గ్రంథాలయం నకలు తీసుకోవచ్చని అక్కడికక్కడే శాసనం దిద్దించాడు.

సభ ముగిశాక కవి గవరయ్యను పక్కకు పిలిచి, "మా ఇంటికీ ఒకటి రాసిపెట్టవయ్యా" అన్నాడు.